టీచర్లకు ఏది ఉత్సాహమిస్తుందో హెచ్‌ఎంకి ఎలా తెలుస్తుంది?

జిల్లా పరిషత్ హైస్కూలుకి కొత్తగా హెచ్‌ఎంగా వచ్చాను, 14 మంది స్టాఫ్, ఎవరికి దేనివల్ల ఉత్సాహం వస్తుందో ఎలా తెలుసుకోవాలి అని ఒక హెడ్మాస్టరు (హెచ్‌ఎం) అడిగారు.

స్టాఫ్ మీటింగులో మాత్రం అడగకండి. అందరి ముందూ అడిగితే సీనియర్ ఒకాయన "అంతా బాగానే ఉంది సార్" అంటారు, మిగతావాళ్లు తలూపుతారు. మళ్లీ ఎవరూ నోరు విప్పరు.

ఒక్కొక్కరితో విడిగా ఇరవై నిమిషాలు కూర్చోవాలి. అటెండరుతో కబురు పెట్టి మీ రూముకి పిలిపిస్తే మెమో ఏమోనని బిగుసుకుపోతారు. లీజర్ పీరియడూ వద్దు, అది నోట్సులు దిద్దుకునే టైము. లాంగ్ బెల్ అయ్యాక, బస్సు టైము కనుక్కుని, ఖాళీ క్లాసులో బెంచీ మీద పక్కన కూర్చోండి. రోజుకి ఒక్కరు చాలు.

"మీకేం కావాలి" అంటే పీఆర్‌సీ (జీతాల సవరణ), డీఏ (కరువు భత్యం), ట్రాన్స్‌ఫరే వస్తాయి. అవి మీ చేతిలో లేవు. "కిందటేడు ఏ పాఠం చెప్పిన రోజు తృప్తిగా ఇంటికెళ్లారు?", "ఏ పని తప్పిస్తే మీకు ఊపిరాడుతుంది?" అని అడగండి. ఎదురుగా రాసుకోకండి. వాళ్లు వెళ్లాక మనిషికో పేజీ, వాళ్ల మాటల్లోనే రాయండి.

లెక్కల మేడం "ఈసారి టెన్త్ నాకొద్దు సార్" అన్నారనుకోండి. కష్టానికి వెనకాడుతున్నారని అప్పుడే తేల్చేయొద్దు. కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉంటే అసలు సంగతి వస్తుంది: "భిన్నాలే రాని పిల్లలకి స్లిప్ టెస్టులు పెట్టి బట్టీ పట్టించడం నావల్ల కాదు సార్. ఆరో తరగతి ఇవ్వండి, మొదటినుంచీ నేనే నేర్పుకుంటాను." ఆవిడకి సెప్టెంబరు 5న శాలువా కప్పితే ఏమొస్తుంది? ఆరో తరగతి ఇవ్వండి.

అందుకే ఈ మాటలన్నీ జూన్‌లో టైంటేబుల్ ఖాయమయ్యేలోపే అయిపోవాలి. క్లాసులు పంచడం, పరీక్షల డ్యూటీ, మధ్యాహ్న భోజనం బాధ్యత, యాప్ పని: మీ చేతిలో ఉన్నవి ఇవే. ఎక్కువ బళ్లలో చెడేది కూడా ఇక్కడే. ఫోన్ బాగా వచ్చిన కుర్ర టీచరుకే హాజరు, భోజనాల లెక్క, ఫొటోల అప్‌లోడ్ అన్నీ అంటగడతారు. మొదటి పీరియడ్ సగం నెట్‌వర్క్ కోసం వరండాలో తిరగడంతోనే సరి. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే బోధనేతర పనులకి టీచర్లని పెట్టకూడదంటుంది. మనమేమో పాఠం బాగా చెప్పేవాళ్లనే డేటా ఎంట్రీకి కూర్చోబెడుతున్నాం. యాప్ పనిని నెలకొకరికి చొప్పున మార్చండి, రానివాళ్లకి నేర్పించండి.

ఇంకొకటి. టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) లేని టీచర్లలో ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలినవాళ్లు రెండేళ్లలో అది పాసవ్వాలని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఇరవై ఏళ్లుగా చెబుతున్నవాళ్లు కూడా పుస్తకం పట్టాల్సి వచ్చింది. అలాంటివాళ్లు మందకొడిగా కనిపిస్తే ఆసక్తి పోయిందని రాసేసుకోకండి, ముందు అడగండి.

టీచర్లు చెప్పినవాటిలో ఒక్కటైనా పదిహేను రోజుల్లో చేసి చూపించాలి. కుదరనిది ఎందుకు కుదరదో వాళ్లకే నేరుగా చెప్పాలి. ఒకరు చెప్పింది ఇంకొకరి దగ్గర అనకూడదు. సంక్రాంతి సెలవుల ముందు ఆ నోటుబుక్కు మళ్లీ తీసి, ప్రతి పేజీలో ఏం చేశారో రాసుకుని, రెండోసారి కూర్చోండి.