స్నోయీకి మళ్లీ కాన్పు కావాలా?

సీతమ్మధార,
విశాఖపట్నం

అమ్మలూ,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ కుక్క స్నోయీకి మళ్లీ పిల్లల్ని పుట్టించాలా అని మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి "ఆలోచించి చెప్తానే" అని తప్పించుకున్నాను గానీ, ఇందులో ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు. చెప్పాల్సింది మాత్రం చాలా ఉంది. మీ అత్తగారు పక్కనే ఉండగా అవన్నీ ఫోన్లో మాట్లాడితే బావోదు. అందుకే రాస్తున్నాను. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు.

స్నోయీకి మళ్లీ జత కట్టించొద్దు. ఇదీ నా మాట. ఎందుకో చెప్తాను, విన్నాక మీ ఇష్టం.

ఈ లెక్క వేసేటప్పుడు అందరూ పిల్లల దగ్గర మొదలుపెడతారు. ఎన్ని పుడతాయి, ఎవరెవరు అడిగారు, ఒక్కోటి ఎంతకి పోతుంది అని. నేను తల్లి దగ్గర మొదలుపెడతాను. మొదటి కాన్పు ఎలా నడిచిందో చూస్తే రెండోదాని సంగతి సగం తెలిసిపోతుంది. స్నోయీది సుఖప్రసవమని మీ ఇంట్లో అందరూ గొప్పగా చెప్తున్నారు. మూడు పిల్లలు, ఆపరేషన్ లేదు, తెల్లారేసరికి అయిపోయింది. నిజమే. మరి మూడో వారంలో జరిగింది ఎవరూ లెక్కలో వెయ్యరేం?

ఆ రోజు మధురవాడలో మీ ఇంట్లోనే ఉన్నాను కదా. సాయంత్రం నుంచి అది ఒకచోట కుదురుగా కూర్చోలేదు. నోరు తెరుచుకుని ఒకటే ఎగశ్వాస. ఉక్కపోతకేమోనని మీవాళ్లు ఫ్యాను కింద పెట్టారు. పిల్లలు కుయ్యిమంటున్నా దగ్గరికి పోలేదు. పొద్దుపోయేసరికి వెనక కాళ్లు కొయ్యబారిపోయాయి, మూతి అదురుతోంది, ఒంటిమీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. ఆటోలో నా ఒళ్లో దాని పళ్లు టకటకా కొట్టుకుంటుంటే నువ్వు ఏడుపు మొదలెట్టావు. డాక్టరుగారు చూస్తూనే కాల్షియం పడిపోయిందన్నారు. ముంగాలికి సూది పెట్టి, ఒక చేత్తో స్టెతస్కోపు గుండెకి ఆనించి ఉంచి, రెండో చేత్తో కాల్షియం గ్లూకోనేట్ కొంచెంకొంచెంగా ఎక్కించారు. తొందరపడితే గుండె లయ తప్పుతుంది, అందుకే ఆ నిదానం. సిరంజి ఖాళీ అయ్యేలోపే వణుకు సర్దుకుంది. ఇంకో గంట ఆలస్యమైతే ఏమయ్యేదో ఆయన చెప్పలేదు, మనం అడగలేదు.

దాన్నే మిల్క్ ఫీవర్ అంటారు. చిన్నజాతి కుక్కల్లో ఎక్కువ. ఈనిన మొదటి నాలుగు వారాల్లో, పాలు బాగా దిగే రోజుల్లో, ఒంట్లో కాల్షియం పాలలోకి పోయినంత వేగంగా మళ్లీ సమకూరకపోతే వస్తుంది. ఒక కాన్పులో వచ్చినదానికి తర్వాతి కాన్పులో కూడా వచ్చే అవకాశం ఎక్కువ. నేను వద్దనడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

కడుపుతో ఉన్నన్నాళ్లూ బలానికని ఎవరో చెబితే రోజూ కాల్షియం సిరప్ పట్టారు మీరు. మంచి ఉద్దేశంతోనే పట్టారనుకో. కానీ పైనుంచి అంత అందుతుంటే, ఎముకల్లోంచి కాల్షియం తీసి రక్తంలోకి పంపే గ్రంథి పని తగ్గించేసుకుంటుంది. పాలిచ్చే రోజుల్లో ఒక్కసారిగా అవసరం పడేసరికి అది అందుకోలేదు. ఈ సంగతి ఎవరికి చెప్పినా నమ్మరు. మనిషి కడుపుతో ఉంటే ఇస్తారు కదా, కుక్కకెందుకు ఇవ్వకూడదు అంటారు.

ఇక దాని కాలు. బీచ్ రోడ్డు మీద నడిపిస్తున్నప్పుడు చూశాను. బాగా నడుస్తూ నడుస్తూ ఎడమ వెనక కాలు పైకెత్తేసి, మూడు కాళ్ల మీద రెండు గెంతులు గెంతి, కాలోసారి వెనక్కి విదిలించి మళ్లీ ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. మీ చిన్నాడికి అది డాన్సులా ఉంది. అది డాన్సు కాదమ్మా, మోకాలిచిప్ప గాడి తప్పి పక్కకి జారి మళ్లీ చోటుకి రావడం. పామ్ (పొమెరేనియన్), స్పిట్జ్, చివావా లాంటి చిన్న కుక్కల్లో ఇది చాలామటుకు వంశంలోనే వస్తుంది. డాక్టరుతో ఒకసారి మోకాలు పట్టి చూపించు, ఏ దశలో ఉందో చేత్తోనే చెప్తారు. నిజంగా అదే అయితే, మిల్క్ ఫీవర్ సంగతి పక్కన పెట్టినా ఆ కుక్కకి పిల్లలు వద్దు. తెలిసి తెలిసి ఆ కాలు ఇంకో నాలుగింటికి పంచిపెట్టడం ఎందుకు?

పైగా దానికి వచ్చే సంక్రాంతికి ఆరేళ్లు. ఆ వయసుకి ఒక్కో ఈతలో పిల్లల సంఖ్య తగ్గుతుంది. ఒకటో రెండో ఉంటే లోపల బాగా ఎదిగిపోవచ్చు, చిన్న కుక్కకి ఆ తల బయటికి రాకపోతే సిజేరియన్ తప్పదు. ఒక్క పిల్ల ఉన్నప్పుడు నొప్పులే సరిగా మొదలవ్వకపోవడం కూడా ఉంది.

ఇప్పుడు పోయినసారి పిల్లల సంగతి. గాజువాక వాళ్లు ఎంతో ముచ్చటపడి తీసుకెళ్లారు. పగలంతా ఇద్దరూ ఉద్యోగాలకి పోతే అది బాల్కనీలో కట్టేసి ఉండేది. అరుపులకి అపార్ట్‌మెంటు వాళ్లు గొడవపెడితే ఎనిమిదో నెలలో తెచ్చి మీ గుమ్మంలో దించేసి పోయారు. అనకాపల్లిలో మనవాళ్లు పెట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. రెండోది బాగుంది. మూడోది తీసుకున్నాయన రెండు నెలలకే ఎవరికో అమ్మేశాడన్నావు, ఇప్పుడెక్కడుందో ఎవరికీ తెలీదు. ముగ్గురిలో ఒక్కరు నిలబడ్డారన్నమాట. ఇప్పుడు మళ్లీ ఆరుగురు అడుగుతున్నారని అల్లుడుగారు అంటున్నారట. వాళ్లందరికీ ఫోన్ చేసి ఒకే ఒక్క మాట అడగమను: "పగలు ఇంట్లో ఎవరుంటారు?" ఆరుగురిలో ఎంతమంది మిగులుతారో చూద్దాం.

డబ్బు గురించి ఎక్కువ రాయను. స్కాన్, ఎక్స్‌రే, టీకాలు, నట్టల మందులు, మీరిద్దరూ మార్చిమార్చి పెట్టే సెలవులు అన్నీ తీసేస్తే మిగిలేది మీకే తెలుసు. సిజేరియన్ పడిందంటే ఎదురు పెట్టాలి. ఇంకోటి, అమ్మకం కోసం పిల్లల్ని పుట్టిస్తే 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం నిబంధనలు వర్తిస్తాయి. రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు చేసుకోవాలి. తల్లికి పద్దెనిమిది నెలలు నిండాలి, ఎనిమిదేళ్లు దాటకూడదు, ఏడాదికి ఒక్క ఈతే, జన్మకి అయిదు మించకూడదు, ఎనిమిది వారాల లోపు పిల్లని అమ్మకూడదు. మన వీధుల్లో ఇవి ఎంతమంది పాటిస్తారో నాకూ తెలుసనుకో.

మీ అత్తగారి మాట. ఆడజన్మకి ఇంకో కాన్పయినా ఉండాలి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే పాపం చుట్టుకుంటుంది అంటున్నారట. ఆవిడ పెద్దావిడ, ఎదురు చెప్పకు. ఒంటికి మంచిదని మాత్రం ఎవరైనా అంటే ఒప్పుకోకు. పిల్లల్ని కంటే కుక్క ఆరోగ్యం బాగుపడుతుందనడంలో నిజం లేదు. కనకపోతే దిగులుపడుతుందన్నదీ మన ఊహే. మొన్న చీరల బుట్టలో దూరి గుడ్డలు గీకింది, బొమ్మని నాకింది, పాలు కూడా వచ్చాయి, పిల్లల కోసం బెంగపెట్టుకుందన్నావు చూడు, అది బెంగ కాదు. హీట్, అంటే ఎదకొచ్చిన రోజులు, అయిపోయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి హార్మోన్ల వల్ల వచ్చే ఉత్తుత్తి కడుపు. దాని మానాన వదిలేస్తే రెండు మూడు వారాల్లో పోతుంది. పొదుగు పిండకండి, పిండితే పాలు ఇంకా దిగుతాయి.

చిన్నాడికి పిల్లల్ని చూడాలని ఉందంటే వాణ్ణి సెలవుల్లో నా దగ్గరికి పంపు. మా వీధిలో ఏ మూలో ఒక ఊరకుక్క ఈని ఉంటుంది. రోజూ గిన్నెడు పెరుగన్నం పెట్టే పని వాడికి అప్పజెప్తాను.

ఇంత చెప్పినా ఇంట్లో నీ మాట చెల్లక ముందుకే వెళ్లారనుకో, అప్పుడైనా ఇవి విను. ఫిబ్రవరి చివర్లో హీట్ అయిందంటే మళ్లీ ఆగస్టులో వస్తుంది. అప్పుడు జత కట్టిస్తే అరవైమూడు రోజులకి, అటూ ఇటూగా, అక్టోబర్‌లో ఈనుతుంది. మన ఊరికి అక్టోబర్ అంటే ఏమిటో నీకు చెప్పక్కర్లేదు. హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబర్ 12న. చెట్లు రోడ్లకి అడ్డంగా పడి, రోజుల తరబడి కరెంటు లేక, ఫోన్లు పలక్క, మనుషులకే ఆసుపత్రికి పోవడం గగనమైంది. ఏటా అంతటిది రాదు గానీ, అర్ధరాత్రి సిజేరియన్ పడితే తలుపు తీసే డాక్టరు ఎవరో ముందే కనుక్కుని పెట్టుకోవాలి. పగలు తెరిచి ఉండే క్లినిక్కులు బోలెడు. రాత్రికి ఎవరొస్తారన్నది అసలు ప్రశ్న.

రుషికొండ వైపు ఎవరిదో మగకుక్క ఉందన్నావు. మన దగ్గర పామ్ అని అమ్మినవాటిలో చాలావి ఇండియన్ స్పిట్జ్‌లు, స్నోయీ కూడా అదే. మగది దానికంటే పెద్దది కాకూడదు, దాని మోకాళ్లు కూడా చూపించాలి. బుల్లి కుక్కని చూపించి టీకప్ అని ఎవరైనా అంటే అక్కణ్ణుంచి వచ్చేయ్. ఆ పేరుతో జాతి ఏదీ లేదు, అమ్ముకునేవాళ్లు పెట్టుకున్న పేరు. యాభై అయిదో రోజు దాటాక ఎక్స్‌రే తీయిస్తే పిల్లలెన్నో లెక్క తెలుస్తుంది. ఆఖరి వారం రోజుకి రెండుసార్లు థర్మామీటర్ పెట్టు. మామూలుగా నూటొకటి పైన ఉండేది తొంభై తొమ్మిది లోపుకి దిగితే ఒక రోజులోపు నొప్పులు మొదలవుతాయి. గట్టిగా ముక్కుతూ అరగంటైనా పిల్ల బయటికి రాకపోయినా, మొదటి పిల్ల రాకముందే ఆకుపచ్చ స్రావం కనిపించినా ఇంట్లో కూర్చోవద్దు. మాయ విడిపోయిందనడానికి గుర్తు ఆ ఆకుపచ్చ. కాల్షియం సీసా అయితే డాక్టరు చెప్పేదాకా ఇంట్లో పెట్టుకోకు.

నేను కోరేది మాత్రం ఆపరేషన్. హీట్ రాకుండా ఇంజెక్షన్ ఉందని నీ స్నేహితురాలు చెప్పింది చూడు, అది వద్దు. ఆ హార్మోను వల్లే గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. ఏ మందూ వాడకపోయినా, ఆపరేషన్ కాని ఆడకుక్కలకి వయసు మీదపడ్డాక ఆ జబ్బు రావడం మామూలే. హీట్ అయిన నెల రెండు నెలలకి నీళ్లు తెగ తాగుతుంది, అన్నం మానేస్తుంది, కింద తడి కనిపించొచ్చు, కనిపించకపోవచ్చు కూడా. అప్పుడు జబ్బుతో ఉన్న ఒంటిమీద, చీము నిండిన గర్భసంచిని హడావుడిగా తియ్యాలి. అదే ఇప్పుడైతే ఒళ్లు బావుండగా నిదానంగా అయిపోతుంది. రొమ్ము గడ్డలు రాకుండా ఉండేందుకు చిన్నప్పుడే చేయించాల్సింది. ఈ వయసులో ఆ లాభం పెద్దగా మిగలదు. చీము భయం మాత్రం దాదాపు పూర్తిగా పోతుంది.

హీట్‌లో ఉండగా చేయించకూడదు, అప్పుడు రక్తం ఎక్కువ పోతుంది. అయిపోయిన మూడు నెలలకి మంచిది, అంటే మే నెలాఖరు. ముందు రక్తపరీక్ష చేయించమని అడుగు. ఆపరేషన్ తర్వాత తిండి కాస్త తగ్గించాలి, లేకపోతే ఆ మోకాలి మీద బరువు పడుతుంది. కుట్లు ఆరేదాకా వాటిని నాక్కోకుండా మెడకి పెట్టే కాలర్ తీయకు, అది ఎంత బతిమాలినా సరే.

ఏ కారణం వల్లయినా మే దాటిపోయి ఆగస్టు హీట్ వచ్చేసిందంటే, రక్తం పలచబడగానే గేటు తీసెయ్యకు. అందరూ అక్కడే ఏమరుతారు. జత కట్టేది సరిగ్గా అప్పుడే. మొదలైన రోజు నుంచి మూడు వారాలూ గొలుసు లేకుండా మెట్లు దిగనివ్వకు. మీ సందులో తిరిగే ఆ గోధుమరంగు కుక్క స్నోయీకి రెండింతలుంటుంది, దాని పిల్లల్ని ఇది కనలేదు.

ఆపరేషన్ రోజు నేనొస్తాను. ముందురోజు రాత్రి తర్వాత దానికేమీ పెట్టకు, మీ అత్తగారు జాలిపడి బిస్కెట్ ఇవ్వకుండా చూసుకో.

మీ పెద్దమ్మ