మగదాన్ని ఈ రోజే పక్క గూట్లోకి మార్చు

బుజ్జీ,

నీ గినీ పిగ్ కడుపుతో ఉందని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. పుట్టే పిల్లల్ని నేనే చూసుకుంటానన్నావట, జంటను విడదీస్తే పాపం అని కూడా అన్నావట. మొదటి మాటకి మురిసిపోయాను. రెండో మాటకి రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే సగం విని "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

తేలికైనవి ముందు. ఎండుగడ్డి ఎప్పుడూ అయిపోకూడదు, నీళ్ళు రోజూ మార్చాలి. విటమిన్ సి మనలాగే వాటి ఒంట్లోనూ తయారవదు, కడుపుతో ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ కావాలి. రోజూ క్యాప్సికం ముక్క పెట్టు. విటమిన్ సి చుక్కలు నీళ్ళలో కలపకు, తొందరగా పాడవుతాయి, ఎంత తాగిందో కూడా తెలీదు.

ఇక అసలు సంగతి. నా మొదటి జంట ఒకదాని మీద ఒకటి తల పెట్టుకుని నిద్రపోయేవి. ఆడది కడుపుతో ఉందని తెలిశాక మగదాన్ని వేరే గూట్లో పెట్టాను. రాత్రంతా ఈలలు వేస్తూనే ఉంది, ఇటునుంచి ఆడది కూడా. వినలేక తెల్లారేసరికి మళ్ళీ కలిపేశాను, పైగా ఏదో పుణ్యం చేసినట్టు అందరికీ చెప్పుకున్నాను. పది రోజులకి మూడు పిల్లలు పుట్టాయి. ఒంటి నిండా బొచ్చు, తెరిచిన కళ్ళు, గంటలోనే పరుగులు! నేను ఫోన్లు చేసుకుంటూ కూర్చున్నాను. మగది గుర్రుగుర్రుమంటూ, నడుము ఊపుతూ ఆడదాని చుట్టూ తిరుగుతుంటే తండ్రి అయిన సంతోషం అనుకున్నాను. వీడియో కూడా తీశాను.

గినీ పిగ్ పిల్లలు పెట్టిన కొన్ని గంటల్లోనే మళ్ళీ ఎదకు వస్తుందని నాకు తెలీదు. దానికి ఉండేవే రెండు చనుమొనలు, వాటితో ముగ్గురికి పాలిస్తూ, కడుపులో ఇంకో కాన్పు మోసింది పిచ్చితల్లి. తొమ్మిది వారాలు కావస్తుండగా గడ్డి ముట్టడం మానేసింది. ఒకరోజు చూద్దాంలే అనుకున్నాను. వంటింట్లో కాటా ఉంది, ఒక్కసారి కూడా తూచలేదు. డాక్టర్ పొట్ట పట్టి చూసి ఒక్కటే అడిగారు: "పిల్లలు పుట్టిన రోజు మగది గూట్లోనే ఉందా?" మర్నాటికే అది పోయింది. ఆ వీడియో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది, ఎప్పుడూ తెరవలేదు, చెరపబుద్ధీ కాలేదు.

కాబట్టి తిట్టానని అనుకోకు, మగదాన్ని ఇవాళే మార్చు. మోసేది 59 నుంచి 72 రోజులు, నీకు మొదటి రోజు తెలీదు, రేపే పుట్టొచ్చు. మార్చడమంటే కనపడకుండా పెట్టమని కాదు. మధ్యలో జాలీ పెట్టి పక్కపక్కనే ఉంచు, వాసన చూసుకుంటాయి, ఈలలు వేసుకుంటాయి. కింది భాగంలో మాత్రం జాలీకి అట్ట కట్టు, పుట్టిన పిల్లలు దూరిపోతాయి. మగదానికి ఆపరేషన్ చేయిస్తానంటావేమో, చేయించాక కూడా ఆరు వారాలు ఆగాలి, ఈలోపు కలిస్తే కడుపు రావచ్చు.

మగది ఒంటరైపోతుందని దిగులు పడకు. మగపిల్లల్ని మూడు వారాలకి తల్లి దగ్గర్నుంచి తీసెయ్యాలి, లేకపోతే తల్లికీ చెల్లెళ్ళకీ కూడా కడుపు చేస్తాయి. అప్పుడు వాటిని తండ్రితో కలుపు. ఏది మగదో నువ్వు గుర్తుపట్టలేవు, నేనూ ఒకసారి పొరపడ్డాను, డాక్టర్‌కి చూపించు.

నీ దగ్గర ఇంకో ఆడది కూడా ఉందట. రెండింటికీ పొత్తు కుదిరి ఉంటే దాన్ని కదపకు. చివరి రెండు వారాల్లో ఏ చిన్న మార్పు వచ్చినా టెన్షన్‌తో తిండి మానేస్తాయి, ఒక్కపూట తినకపోయినా ప్రాణం మీదికి రావచ్చు. తరుముతుంటే మాత్రం దాన్నీ జాలీ అవతల పెట్టు. అదీ మగదానితో ఉన్నదే కదా, దానికీ కడుపేమో డాక్టర్‌ని చూడమను. దూరి కూర్చునే డబ్బాలకి రెండు దారులుండాలి, లేకపోతే ఒకటి మూలన ఇరుక్కుపోతుంది. తోడని కొత్తదాన్నేదీ ఇప్పుడు తీసుకురాకు. కుందేలు అసలే వద్దు.

కడుపుతో ఉన్నదాని వయసెంతో మీ అమ్మ చెప్పలేదు, నా భయమంతా అక్కడే. ఎనిమిది నెలలు దాటాక తొలి కాన్పైతే కటి ఎముకలు బిగుసుకుపోయి విచ్చుకోవు, ఆపరేషన్ కావలసి రావచ్చు. గినీ పిగ్‌లని చూసే డాక్టర్ ఎక్కడున్నారో ఈ వారమే కనుక్కో, అందరూ చూడరు. ఇరవై నిమిషాలు ముక్కుతున్నా పిల్ల రాకపోతే ఆగకుండా తీసుకెళ్ళు. పొట్ట నొక్కకు, చేత్తో ఎత్తకు, డబ్బాలోకి నడిపించి డబ్బాతోనే కాటా మీద పెట్టి రోజూ తూచు. అంకెలు నాకు పంపు.

రాత్రి మగది ఈలలు వేస్తుంది, నీకు ఏడుపొస్తుంది, నాకు తెలుసు. జాలీ పక్కన కూర్చో, తలుపు మాత్రం తియ్యకు. ఏ టైమైనా సరే, నాకు ఫోన్ చెయ్యి.

పెద్దమ్మ