వైద్య కోర్సుల్లో సీటుకు తయారీ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా బిడ్డ పదో తరగతి మంచి మార్కులతో పాసయింది. డాక్టర్ చదవాలని పట్టుదలగా ఉన్నది. ఇంటర్‌కు విజయవాడ పంపమని చుట్టాలంతా అంటున్నరు. హన్మకొండలో చదివిస్తే వెనుకబడుతదా?
– ఒక తండ్రి, పరకాల

జవాబు: పంపకండి. కారణం చదువుల నాణ్యత కాదు, స్థానికత నిబంధన. తెలంగాణలో కన్వీనర్ కోటా (తక్కువ ఫీజుతో, ర్యాంకును బట్టి ఇచ్చే) ఎంబీబీఎస్ సీట్లకు స్థానికురాలిగా లెక్కలోకి రావాలంటే ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, వరుసగా ఈ రాష్ట్రంలోనే చదివి ఉండాలి. 2024లో ప్రభుత్వం నియమాలను ఇలా సవరించింది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా దీన్ని సమర్థించింది. కొన్ని వర్గాల ఉద్యోగుల పిల్లలకు మినహాయింపులున్నాయి. మిగతావాళ్లకు ఇల్లు, పొలం, రేషన్ కార్డు పరకాలలో ఉన్నంత మాత్రాన సరిపోదు. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటి మహారాష్ట్రలోని సిరోంచ వైపు చదివించే కుటుంబాలకూ ఇదే హెచ్చరిక. ఇంటర్ అయ్యాక లాంగ్‌టర్మ్ కోచింగ్ ఎక్కడ తీసుకున్నా ఈ లెక్కకు సంబంధం లేదు కాబట్టి, అంతగా పంపాలనుకుంటే అప్పుడు పంపండి.

హన్మకొండలో కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకుల ఫ్లెక్సీలు చూడొద్దు. ఫిజిక్స్ ఎవరు చెబుతారు, ఆ లెక్చరర్ ఏడాది మధ్యలో మారకుండా ఉంటారా, వారం పరీక్ష పెట్టిన తర్వాత తప్పులను తరగతిలో విప్పి చెబుతారా అని అక్కడ చదువుతున్న పిల్లల్ని అడగండి.

ఇప్పుడే చేయాల్సిన పని ఇంకొకటుంది. పాఠశాల నుంచి తొమ్మిది, పది తరగతుల స్టడీ సర్టిఫికెట్ తీసుకోండి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, కుల ధ్రువపత్రంలో పాప పేరు, తండ్రి పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉన్నాయేమో చూసుకోండి. తేడా ఉంటే దిద్దించడానికి నెలలు పట్టొచ్చు, కౌన్సెలింగ్‌లో పత్రాలు అప్‌లోడ్ చేయడానికి ఇచ్చేది మాత్రం కొద్ది రోజులే.

ప్రశ్న: నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో బైపీసీ రెండో సంవత్సరం, తెలుగు మీడియం. నీట్ తెలుగులో రాయొచ్చా? ఫిజిక్స్ అంటే భయం. నెగెటివ్ మార్కులకు ఇంకా భయం.
– ఒక విద్యార్థిని, మహబూబాబాద్

జవాబు: రాయొచ్చు. ఎంబీబీఎస్ సీట్లకు దేశమంతా రాసే ఈ ప్రవేశపరీక్ష దరఖాస్తులో తెలుగు ఎంచుకుంటే ప్రశ్నపత్రంలో తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఉంటాయి. అనువాదంలో సందేహం వస్తే ఇంగ్లిష్ ప్రశ్ననే ప్రమాణంగా తీసుకుంటారు. అందుకే ప్రతి అధ్యాయాన్నీ ముందు తెలుగు అకాడమీ పుస్తకంలో అర్థం చేసుకుని, తర్వాత అదే అధ్యాయం ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో పటాలు, పట్టికలు, వాటి కింది వాక్యాలతో సహా చదవండి. సమవిభజన పక్కన మైటాసిస్, క్షయకరణ విభజన పక్కన మియోసిస్ అని రెండు పేర్లూ రాసుకుంటూ పోతే పరీక్షలో తడబడరు.

2024 నుంచి నీట్ సిలబస్ తగ్గింది. జీర్ణక్రియ, మొక్కల్లో ఖనిజ పోషణ, రసాయనశాస్త్రంలో ఘనస్థితి, ఉపరితల రసాయనం, పాలిమర్లు వంటివి తీసేశారు. పాత ప్రశ్నపత్రాలు సాధన చేసేటప్పుడు వాటిని పక్కన పెట్టండి. అయితే ఇంటర్ పరీక్షకూ ఎప్‌సెట్‌కూ (రాష్ట్రంలో ఫార్మసీ, నర్సింగ్ వంటి కోర్సులకు రాసే ప్రవేశపరీక్ష) బోర్డు సిలబస్ ఏముందో అదంతా చదవాల్సిందే.

పరీక్ష 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. ఇందులో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం కలిపి 90 ప్రశ్నలు, 360 మార్కులు. భౌతిక, రసాయన శాస్త్రాలు చెరి 45 ప్రశ్నలు. మీలాంటి వారికి జీవశాస్త్రమే బలం. దాన్ని 45 నుంచి 50 నిమిషాల్లో ముగించేలా అలవాటు చేసుకుంటే ఫిజిక్స్‌కు గంట మిగులుతుంది. ఫిజిక్స్‌లో స్థిర విద్యుత్, ప్రవాహ విద్యుత్, కిరణ దృశాశాస్త్రం, ఆధునిక భౌతికశాస్త్రం, అర్ధవాహకాలతో మొదలుపెట్టండి. సూత్రం తెలిస్తే నేరుగా జవాబు వచ్చే ప్రశ్నలు వీటిలో ఎక్కువ. రోజూ 25 లెక్కలు, పుస్తకం మూసి, కాలిక్యులేటర్ లేకుండా చేయండి. చాలామందికి భావన తెలుసు, పది ఘాతాలూ ప్రమాణాలూ దగ్గర పోతాయి. సెంటీమీటర్లను మీటర్లుగా మార్చకుండానే సూత్రంలో పెట్టేస్తారు. కొన్ని దగ్గరిదారులు కంఠతా రావాలి. తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో ఇస్తే 1240ని దానితో భాగించండి, ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. 620 నానోమీటర్లకు 2 వస్తుంది, ఐదు సెకన్ల పని.

నెగెటివ్ మార్కుల భయానికి మందు లెక్కే. సరైన జవాబుకు 4, తప్పుకు ఒకటి కోత. నాలుగింటిలో రెండు తప్పని కచ్చితంగా తెలిస్తే మిగిలిన రెండింట్లో ఒకటి పెట్టండి, సగటున ఒకటిన్నర మార్కు లాభం. ఒక్కటే కొట్టేయగలిగితే లాభం ముప్పావు మార్కు కూడా ఉండదు. ఏదీ కొట్టేయలేకపోతే పావు మార్కు, దాని కోసం సమయం వృథా చేయొద్దు. వదిలేసి ముందుకు పోవడమే మేలు.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు, అసలు పరీక్ష వేళకే, ఓఎంఆర్ పత్రంతో నమూనా పరీక్ష రాయండి. అన్నం తిన్నాక మెదడు మందగించే వేళ అది, అలవాటు కావాలి. వృత్తాలు చివర్లో ఒకేసారి నింపొద్దు. ఒక్క వరుస జారితే కింద ఉన్నవన్నీ తప్పుతాయి, సరిచేసే వీలుండదు. ఒక పేజీ అయిపోగానే ఆ పేజీవి నింపేయండి. పరీక్షయ్యాక తప్పుల్ని ఒక నోట్‌బుక్‌లో కారణంతో సహా రాయండి: తెలియక తప్పిందా, ‘సరికానిది ఏది’ అన్నది గమనించక తప్పిందా, లెక్కలో జారిందా? మొదటిదానికి మళ్లీ పాఠం చదవాలి. రెండోదానికి ప్రశ్నలో ఆ పదం కింద గీత గీసే అలవాటు కావాలి. మూడోదానికి చేతిరాత లెక్కల సాధన తప్ప మార్గం లేదు. ఈ మూడింటినీ ఒకటిగా చూసి ‘ఇంకా ఎక్కువ చదవాలి’ అనుకోవడం వల్లే ఎన్ని పరీక్షలు రాసినా మార్కులు కదలవు.

ప్రశ్న: బీఎస్సీ బీజెడ్‌సీ రెండో సంవత్సరం. మళ్లీ నీట్ రాయొచ్చా? డిగ్రీ మానేయాలా?
– ఒక విద్యార్థి, ములుగు

జవాబు: రాయొచ్చు. గరిష్ఠ వయోపరిమితిని 2022లో తీసేశారు, ఎన్నిసార్లు రాయాలన్న పరిమితీ లేదు. ఇంటర్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాల్లో కలిపి ఓసీలకు 50 శాతం, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం ఉండాలి. డిగ్రీ మానేయొద్దు. రెండో సంవత్సరంలో మానేస్తే చేతిలో ఇంటర్ మాత్రమే మిగులుతుంది. బీజెడ్‌సీలో (వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలు) మీరు చదివే కణశాస్త్రం, జన్యుశాస్త్రం, కర్బన రసాయనం నీట్‌కూ పనికొస్తాయి. మీ డిగ్రీలో అసలు లేనిది ఫిజిక్స్ ఒక్కటే, రోజుకు రెండు గంటలు దానికే ఇవ్వండి. ఇంటర్ మెమో, టీసీ మీ డిగ్రీ కాలేజీ దగ్గరే ఉంటాయి. ఇప్పుడే రంగుల్లో స్కాన్ చేయించుకోండి, సీటొస్తే వాటిని ఎలా వెనక్కి ఇస్తారో ఆఫీసులో అడిగి ఉంచండి.

నీట్ రాకపోయినా వైద్యరంగం దాటిపోదు. డిగ్రీ తర్వాత సీపీగెట్ (రాష్ట్రంలో పీజీ కోర్సుల ప్రవేశపరీక్ష) రాసి బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ ఎమ్మెస్సీల్లో చేరొచ్చు. ప్రజారోగ్యం మీద ఆసక్తి ఉంటే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) ఉంది.

ప్రశ్న: మా పాప నీట్‌కు తయారవుతున్నది. రాకపోతే బీఎస్సీ నర్సింగా, బీఫార్మసీనా? దేనికి ఏ పరీక్ష?
– ఒక తల్లి, గోదావరిఖని

జవాబు: తెలంగాణలో రెండింటికీ ఎప్‌సెట్ ర్యాంకే. నీట్, ఎప్‌సెట్ కొద్ది రోజుల తేడాతోనే వస్తాయి కాబట్టి ఎప్‌సెట్ దరఖాస్తు తప్పకుండా పెట్టించండి. 160 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు, అన్నీ గుర్తించి రావాల్సిందే. నీట్ మీద ఆశతో దీన్ని వదిలేసిన పిల్లలు ఏడాది పోగొట్టుకుంటున్నారు. ఆ ర్యాంకుతోనే పశువైద్యానికీ దరఖాస్తు చేయొచ్చు, వరంగల్ మామునూరులో కాలేజీ ఉంది. రోగి పక్కన నిలబడి పనిచేసే ఓపిక, రాత్రి డ్యూటీలకు సిద్ధం ఉంటే నర్సింగ్. రసాయనశాస్త్రం, ప్రయోగశాల ఇష్టమైతే ఫార్మసీ. నిర్ణయించే ముందు ఒక పూట ఆస్పత్రి వార్డులో నర్సులు చేసే పని దగ్గరగా చూడనివ్వండి.

నీట్ ర్యాంకు వస్తే మాత్రం గుర్తుంచుకోండి: ర్యాంకు దానంతటదే సీటు తెచ్చిపెట్టదు. రాష్ట్ర సీట్లకు వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం దగ్గర, 15 శాతం ఆలిండియా కోటాకు, బీబీనగర్ ఎయిమ్స్‌కు ఎంసీసీ (కేంద్రం నడిపే మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) దగ్గర విడివిడిగా రిజిస్టర్ చేయాలి. వెబ్ ఆప్షన్లలో వస్తుందో రాదో అని లెక్కలు వేయకుండా నిజంగా ఇష్టమైన వరుసలోనే కాలేజీలు పెట్టండి. పైన పెట్టినది రాకపోతే కిందిది చూస్తారు, పైన పెట్టినందుకు కిందిది పోదు.