ముఖంతో మొదలుపెట్టకు

అమ్మడూ,

ఉద్యోగానికి మూడు నెలలు సెలవు పెట్టి, తలుపు వేసుకుని, పోయిన మీ నాన్నను బొమ్మలుగా వేస్తానన్నావట. మీ అమ్మ ఫోనులో చెప్పింది. నోట్సుల అంచుల నిండా బొమ్మలు గీసి తిట్లు తిన్న పిల్లవు, మళ్ళీ కుంచె పట్టావంటే గర్వంగానే ఉంది. ఆ తలుపు వేసుకోవడమే నచ్చలేదు.

తైలవర్ణాలు కొన్నావట. మూసిన గదిలో టర్పెంటైన్ వాసన పీలిస్తే తల తిరుగుతుంది, కిటికీలు తెరువు. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేస్తే, అవిసె నూనె ఆరుతూ వేడెక్కి వాటంతట అవే నిప్పంటుకోవచ్చు. విడివిడిగా పరిచి ఆరబెట్టు.

నా అసలు భయం ఫొటోతో. మీ మామయ్య వాళ్ళమ్మ పోయాక, ఒకే ఫొటో ఎదురుగా పెట్టుకుని గీసి, చెరిపి, మళ్ళీ గీశారు. చివరికి చెవి తమ్మె మీది ముడతతో సహా కుదిరింది. అచ్చం ఆవిడే అన్నారందరూ. కానీ అది స్టూడియోలో కదలవద్దంటే బిగుసుకుని కూర్చున్నప్పటి ముఖం. ఇంట్లో ఆవిడ అలా ఏనాడు ఉంది? కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, దానికోసమే ఇల్లంతా వెతుకుతూ, దొరికాక తనను చూసి తానే నవ్వుకునే మనిషి. కొన్నాళ్ళకు మామయ్య, "అమ్మ నవ్వు తలచుకుందామంటే ఈ బొమ్మే అడ్డం వస్తోంది" అన్నారు. దాన్ని గోడవైపు తిప్పేశారు. అయినా ఆ నవ్వు ఆయనకు సరిగా తిరిగి రాలేదు.

అందుకే ఫొటోలు పెట్టెలో పెట్టు. గుర్తున్నదే గియ్యి. మీ నాన్న గుండీలు పెట్టుకుంటూ మెడ పక్కకు వంచేవాడు కదా, అక్కడ మొదలుపెట్టు. పోలిక రాకపోతే మానె.

జర్మనీ కళాకారిణి కేథే కోల్‌విట్జ్ కొడుకు 1914లో యుద్ధంలో పోయాడు. పడుకున్న కొడుకు, తలవైపు తండ్రి, కాళ్ళవైపు తల్లి అని ఆవిడ స్మారకం తలపెట్టింది. 1919లో వదిలేసింది. తర్వాత మళ్ళీ పట్టుకుని 1932కు పూర్తిచేస్తే, మిగిలింది మోకరిల్లిన తల్లీ తండ్రీ. కొడుకు శిల్పంలోనే లేడు. నువ్వేమో మూడు నెలల్లో తేల్చేస్తానంటున్నావు!

వేసినవి వెంటనే ఎవరికీ చూపించకు. "బాగుంది" అన్న మాట వింటే, తర్వాతి బొమ్మ ఆ మాట కోసమే వేస్తావు. ఏడుపొస్తే ఏడువు, కానీ ముందు కుంచె కడుగు. నిద్రా తిండీ లేకుండా రోజులు గడుస్తుంటే మాత్రం అది బొమ్మలతో తీరేది కాదు, డాక్టరును కలవాలి. నేను వెంట వస్తాను.

మీ నాన్న చేతులు గీసేటప్పుడు ఎడమ బొటనవేలి మచ్చ మరిచిపోకు. చిన్నప్పుడు నా పెన్సిలు లాక్కోబోయి, గోరు పక్కన గుచ్చుకున్నాడు. తప్పు వాడిదే, దెబ్బలు నాకు పడ్డాయి.

మీ అత్త