పుర్రె ముందు కూర్చుని ఏం రాయాలి?

ప్రశ్న: ఉద్యోగరీత్యా ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఉంటున్నాను సార్. ఆఫీసు మిత్రుడొకాయన ఫ్రీమేసన్, అంటే సొంత ఆచారాలున్న ఒక పాత సోదర సంఘంలో సభ్యుడు, ఆయన లాడ్జిలో (ఆ సంఘం స్థానిక శాఖను అలా అంటారు) నన్నూ చేర్చుకుంటున్నారు. దీక్షకు ముందు పుర్రె పెట్టిన చీకటి గదిలో ఒంటరిగా కూర్చోబెడతారట. మా ఆవిడ ఇది క్షుద్రపూజ అని గొడవ, నాకూ కొంచెం టెన్షన్‌గానే ఉంది. హైదరాబాద్ గోషామహల్ బారాదరి లాడ్జికి వెళ్లే మా బాబాయి మాత్రం అలాంటి గదే లేదు పొమ్మంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: బాబాయి మాటా, మిత్రుడి మాటా రెండూ నిజమే. మన లాడ్జీలు ఎక్కువగా ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్ పద్ధతుల్లో నడుస్తాయి, 1961లో మన దేశానికి సొంత పై సంస్థగా గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా ఏర్పడ్డాక కూడా అంతే, వాటిలో ఈ గది మామూలుగా ఉండదు. ఫ్రాన్స్, బెల్జియం, ఇటలీల్లో ఉంటుంది.

నల్ల రంగు వేసిన చిన్న గది, ఒక కొవ్వొత్తి, పుర్రె, ఇసుక గడియారం, రొట్టెముక్క, నీళ్లు, ఉప్పు, గంధకం, గోడమీద కోడిపుంజు బొమ్మ. పూజ ఏమీ ఉండదు. మనం శ్మశాన వైరాగ్యం అంటామే, దాన్ని చావు జరగకుండానే కాసేపు తెప్పించే ఏర్పాటు ఇది. కొంచెం నాటకీయమే, కానీ నాకు నచ్చే నాటకం, ఎందుకంటే లోపలికి వెళ్లేముందు డబ్బులు, ఉంగరం, వాచీ, లోహం ఏదున్నా తీసేయిస్తారు, ఇప్పుడైతే ఫోన్ కూడా పోతుంది కదా!

అసలు పని రాయడం. వీలునామా అంటారు గానీ ఆస్తుల గొడవ కాదు, మనిషికి తనపట్ల, తోటివాళ్లపట్ల ఉన్న బాధ్యతలేమిటి అన్న తరహా ప్రశ్నలకు జవాబులు. దేవుడిపట్ల బాధ్యత ఏమిటన్న ప్రశ్న కొన్నిచోట్ల ఉంటుంది, కొన్నిచోట్ల ఉండదు. అక్కడి పెద్ద ఫ్రీమేసన్ సంస్థ గ్రాండ్ ఓరియంట్ ఆఫ్ ఫ్రాన్స్ అయితే దైవవిశ్వాసం ఉండి తీరాలన్న నిబంధనను 1877లోనే తీసేసింది. మీ లాడ్జి ఎవరి కిందిదో ముందే కనుక్కోండి. ఇంకో సంగతి, మీరు రాసిన కాగితాన్ని చాలా లాడ్జీల్లో కత్తి మొనకు గుచ్చి తీసుకెళ్లి సభ్యులందరి ముందు చదువుతారు. కాబట్టి మనసు విప్పి రాయండి గానీ ఇంటి గుట్టు రాయకండి.

మీ ఆవిడకు ఈ జవాబు చూపించండి. దాంతోపాటు ఏడాది చందా ఎంతో, నెలకు ఎన్ని సాయంత్రాలు లాడ్జిలో గడపాలో కూడా చెప్పండి, ఆమె అసలు అభ్యంతరం పుర్రె గురించి కాదేమోనని నా అనుమానం.