పడవలొచ్చే వేళకే కొత్తపట్నం
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మే నెలలో పిల్లలకు సెలవులు. రద్దీ బీచ్‌లు కాకుండా ఒంగోలు దగ్గరి కొత్తపట్నం వెళ్లి రెండు రోజులు తాజా చేపలు తిని రావాలనుకుంటున్నాం. మంచి సమయమేనా? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: ఊరు మంచిదే ఎంచుకున్నారు, నెలే కుదరలేదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, మరపడవలూ మోటారు పడవలూ వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ నిషేధం. ఆ రోజుల్లో అక్కడి మత్స్యకారుల పేట పల్లెపాలెం ఒడ్డున పడవలు ఇసుక మీదికి లాగి ఉంటాయి, మత్స్యకారులు పక్కనే కూర్చుని వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. మోటారు లేని తెప్పలకు నిషేధం లేదు కానీ వాటికి పడేది కొద్దిగానే. మే నెలలో హోటల్లో వంజరం వేపుడు పెట్టారంటే అది ఐసులో నిల్వ ఉన్నదో, పడమటి తీరం నుంచి లారీలో వచ్చిందో అయివుంటుంది. అక్కడ నిషేధం జూన్ 1న గానీ మొదలుకాదు మరి.

చేపల కోసమే వెళ్లేవారికి జనవరి నుంచి మార్చి మధ్య వరకు అన్నిటికన్నా మంచిది. ఎండ తక్కువ, సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది, నీటి గుంటల దగ్గర వలస పక్షులూ కనిపిస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు. ప్రకాశం, నెల్లూరు తీరానికి తుఫాన్ల భయం ఎక్కువగా ఉండేది అప్పుడే. వాయుగుండం హెచ్చరిక వస్తే పడవలు దిగవు. మీ ప్రయాణమూ వాయిదా వేసుకోండి.

సెలవులు మేలోనే తప్పవంటే సముద్రపు చేప మీద ఆశ పెట్టుకోకండి. చెరువు రొయ్యలు, ప్రాణంతో ఉన్న మండపీతలు అడిగి తినండి. దారి పొడవునా తాటిముంజలు దొరికే కాలం కూడా అదే. పిల్లలకు లేత ముంజలే ఇప్పించండి. ముదిరినవి తింటే కడుపునొప్పి వస్తుంది.

ప్రశ్న: ఒంగోలు నుంచి ఉదయం బయల్దేరి సాయంత్రానికి తిరిగి రావచ్చా? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: సుఖంగా రావచ్చు. ఒంగోలు నుంచి సుమారు 20 కిలోమీటర్లే, బస్సులూ ఆటోలూ ఉన్నాయి. అయితే చాలామంది టిఫిన్ చేసి తొమ్మిదిన్నరకు బయల్దేరతారు. అక్కడే పొరపాటు జరుగుతుంది. చిన్న ఫైబర్ పడవలు తెల్లవారకముందే నేలగాలి (నేల వైపు నుంచి సముద్రం మీదికి వీచే గాలి) మీద లోపలికి వెళ్లి, ఎక్కువగా ఉదయం 7 నుంచి 10 లోపు ఒడ్డుకు వస్తాయి. పదకొండు దాటాక వెళ్తే కనిపించేవి ఖాళీ పడవలు, కాలే ఇసుక. ఒంగోల్లోనే రాత్రి పడుకుని ఆరింటికల్లా బయల్దేరండి. పడవలు చూశాక సరుగుడు తోటల నీడకు వచ్చేసి, మధ్యాహ్నం భోజనం చేసి, నాలుగు తర్వాత మళ్లీ ఒడ్డుకు వెళ్లండి.

వలల మీద నుంచి దాటకండి, చెప్పులతో పడవ ఎక్కకండి. అవి మత్స్యకారుల జీవనాధారం. ఫొటో తీసేముందు ఒక మాట అడిగితే ఎవరూ కాదనరు.

ప్రశ్న: ఒడ్డునే కొన్నాం, ఇంటికి చేరేసరికి చేపల పొట్టలు పగిలి వాసన వచ్చేసింది. తాజావి కావా? (ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: తాజావే అయివుంటాయి. పాడైంది దారిలో. కవళ్లు, కానాగంతల్లాంటి చిన్న చేపల కడుపులో జీర్ణరసాలు బలంగా ఉంటాయి. చేప చనిపోయాక అవి దాని కండనే కరిగిస్తాయి, పొట్ట మెత్తబడి పగులుతుంది. అందుకే కొన్నచోటే మొప్పలు, పేగులు తీయించి, లోపలి నెత్తురు కడిగించాలి. తర్వాత థర్మాకోల్ పెట్టెలో అడుగున ఐసు, పైన చేప, మళ్లీ ఐసు, ఇలా వరసలుగా పేర్చండి. కిలో చేపకు కిలో ఐసు కావాలి. పావుకిలోతో సరిపెడితే రెండు గంటల్లో కరిగి చేప ఆ నీళ్లలోనే నానుతుంది. పెట్టె అడుగున చిన్న రంధ్రం చేసి కింద ట్రే పెట్టుకోండి, కరిగిన నీరు నిలవకూడదు. ఐసు గడ్డల్ని దంచి వేయాలి. పెద్ద గడ్డకూ చేపకూ మధ్య ఖాళీలు మిగిలి చల్లదనం అందదు.

కానాగంతల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది, ఇది తేలిగ్గా తీసుకోకండి. ఎండలో కొన్ని గంటలు ఉన్న కానాగంతలో, సూర చేపలో హిస్టమిన్ అనే పదార్థం పెరుగుతుంది. తిన్న గంటలోపే ముఖం ఎర్రబడడం, దద్దుర్లు, తలనొప్పి, వాంతులు వస్తాయి. పులుసు ఎంత మరిగించినా అది పోదు. కాబట్టి ఈ రెండూ ఐసు లేకుండా కొనవద్దు, చవగ్గా వచ్చినా సరే.

కొనే పద్ధతి కూడా తెలుసుకోండి. ఒడ్డున వేలంపాట తట్టల లెక్కన, పోగుల లెక్కన సాగుతుంది, కిలోల లెక్కన కాదు. ఇద్దరు ముగ్గురికి పోగు మొత్తం ఎక్కువవుతుంది. పాట అయ్యేదాకా ఆగి, పాడుకున్న ఆడవాళ్ల దగ్గర కొద్దిగా కొనుక్కోండి. కన్ను ఉబ్బి నిగనిగలాడాలి, మొప్పలు ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కిన గుంట వెంటనే పూడాలి. తాజా చేపకు సముద్రపు నీటి వాసనే ఉంటుంది. పీత పరిమాణం చూసి మోసపోకండి, చేతిలో బరువు చూడండి. కుబుసం విడిచిన కొత్తలో డొప్ప పెద్దగా ఉన్నా లోపల నీళ్లే.

ప్రశ్న: కానాగంతల పులుసు చేస్తే ముక్కలు చిదురైపోయాయి, పైగా చేదెక్కింది. ఎందుకు? (ఒక పాఠకురాలు, కావలి)

జవాబు: చేదుకు రెండే కారణాలు చూడండి: శుభ్రం చేసేటప్పుడు పిత్తపు తిత్తి చిట్లి ఉండాలి, లేదా మెంతులు మాడి ఉండాలి. తిత్తి చిట్లితే ఆ ఆకుపచ్చని మరక పడిన కండను కోసి పారేయాలి. కడిగితే పోదు.

ముక్కలు చిదరడం మాత్రం వరస తప్పడం వల్ల. ముందు పులుసు తయారుకావాలి, తర్వాతే చేప. కిలో చేపకు రెండు నిమ్మకాయలంత చింతపండు నానబెట్టి చిక్కగా తీయండి. పచ్చిమామిడి వేస్తే చింతపండు సగం చాలు. వెడల్పాటి మట్టిచట్టిలో అరకప్పు నువ్వులనూనె పోసి, అర టీస్పూను మెంతులు, ఆవాలు, కరివేపాకు, రెండు ఉల్లిపాయలు, ఆరు పచ్చిమిర్చి వేయించండి. మెంతులు బంగారు రంగు తిరగగానే ఉల్లిపాయలు వేసేయాలి, ఎర్రబడేదాకా ఆగితే చేదే. పసుపు, ఉప్పు, నాలుగు టీస్పూన్ల కారం, రెండు టీస్పూన్ల ధనియాల పొడి వేసి, చింతపండు పులుసు, రెండు గ్లాసుల నీళ్లు పోసి నూనె పైకి తేలేదాకా మరగనివ్వండి. పది పన్నెండు నిమిషాలు పడుతుంది. అప్పుడు మంట తగ్గించి తలలు అడుగున, ముక్కలు పైన పరవండి. మరో ఎనిమిది నిమిషాలు చాలు. గరిటె పెట్టకూడదు. గుడ్డతో చట్టి అంచులు పట్టుకుని మెల్లగా తిప్పాలి. దించాక కనీసం నాలుగు గంటలు కదపకండి. చల్లారేకొద్దీ ముక్క గట్టిపడి, పులుపూ కారమూ లోపలికి దిగుతాయి. ఉదయం వండి రాత్రికి తినండి, రుచి తేడా మీకే తెలుస్తుంది.

ప్రశ్న: పిల్లలు నీళ్లలో దిగవచ్చా? (ఒక పాఠకుడు, ఒంగోలు)

జవాబు: మడమల లోతు వరకు, మీ చేయి పట్టుకుని. ఒడ్డంతా కెరటాలు విరుగుతూ ఒకచోట మాత్రం నీరు ప్రశాంతంగా, ఇసుక కలిసిన రంగులో కనిపిస్తే అక్కడ దిగకండి. చాలామంది అదే సురక్షితమనుకుంటారు. ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి లాగే దారి అది. ఎవరైనా చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకూడదు. అలసిపోయేది అందుకే. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. ఈత రానివాళ్లు వెల్లకిలా తేలుతూ చేయి ఊపాలి. దిగేముందు అక్కడి మత్స్యకారుల్ని అడగండి, ఏ రోజు ఎక్కడ లాగుతుందో వాళ్లకు తెలుసు.

ప్రశ్న: ఇసుకలో గుంట తవ్వి తీసిన నీళ్లు తియ్యగా ఉన్నాయి. పక్కనే సముద్రం కదా? (ఒక విద్యార్థి, చీమకుర్తి)

జవాబు: అలాంటి గుంటల్ని దొరువులు అంటారు. ఇసుకలోకి ఇంకిన వాన నీరు ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి దాని పైన పొరగా నిలుస్తుంది. లోతు తక్కువగా తవ్వి, కొద్దికొద్దిగా తోడినంతకాలం తియ్యనే. ఆశపడి లోతుకు తవ్వినా, మోటారు పెట్టి ఒక్కసారిగా లాగినా కింది ఉప్పునీరు పైకి ఎక్కుతుంది.

ప్రశ్న: ఫిబ్రవరిలో రాత్రి ఒడ్డున పెద్ద తాబేలు కనిపించింది. ఏం చేయాలి? (ఒక పాఠకుడు, సింగరాయకొండ)

జవాబు: గుడ్లు పెట్టడానికి వచ్చిన ఆలివ్ రిడ్లే తాబేలు అయివుంటుంది. టార్చి, ఫోను లైటు ఆర్పేసి దూరంగా నిలబడండి. వెలుగు పడితే గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోతుంది. గూటిని తవ్వకండి, గుడ్లు తాకకండి, చట్టరీత్యా నేరం. కుక్కలు తవ్వే ప్రమాదం ఉంది కాబట్టి గూడు ఉన్న చోటు గుర్తుపెట్టుకుని అటవీశాఖ వారికి చెప్పండి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. ఆ రోజుల్లో ఒడ్డున దీపాలు వెలిగిస్తే అవి సముద్రం వైపు కాక దీపం వైపు నడుస్తాయి.