గేట్లు దించేస్తే వరద ఆగదా?

ప్రశ్న: వర్షాకాలంలో టీవీ పెడితే చాలు, ‘ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక, గేట్లన్నీ ఎత్తివేత, లక్షల క్యూసెక్కులు సముద్రం పాలు’ అని స్క్రోలింగ్. దాళ్వా (రెండో పంట) వచ్చేసరికి మాకేమో వంతుల వారీగా నీళ్లు. ఆ గేట్లేవో వరదలప్పుడే దించి ఆపుకోవచ్చు కదండీ?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఇరిగేషన్‌లో రిటైరైనవాణ్ణమ్మా, ఇదే ప్రశ్న మా ఆవిడ ఏటా అడుగుతుంది. ఆవిడకు చెప్పే లెక్కే మీకూ చెబుతాను. ధవళేశ్వరం బ్యారేజీ వెనక పట్టేది మూడు టీఎంసీల లోపే. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. మొదటి హెచ్చరిక, అంటే నీటిమట్టం 11.75 అడుగుల దగ్గర, గోదావరి సుమారు 10 లక్షల క్యూసెక్కులతో, అంటే సెకనుకు 10 లక్షల ఘనపుటడుగులతో వస్తుంటుంది. బ్యారేజీ ఖాళీగా ఉన్నా గంట తిరక్కుండా నిండిపోతుంది. తర్వాత వచ్చేదంతా గేట్ల మీద నుంచి పొర్లాలి, లేదా ఎగువన గట్లు తెంచుకోవాలి.

శ్రీశైలంలా ఇది నీళ్లు దాచే డ్యాము కాదు. నది సన్నబడ్డప్పుడు గేట్లు దించి నీటిని కాస్త పైకి లేపుతుంది. అంతే, మోటార్లు లేకుండానే డెల్టా కాలువల్లోకి నీరు ఎక్కుతుంది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్టదీ ఇదే పని. అది రాతికట్ట కాబట్టి వరద దాని మీదుగానే దూకేది. 1982కి పూర్తయిన ఇప్పటి బ్యారేజీకి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం ఆర్ములు (పాయల మీది భాగాలు) నాలుగూ కలిపి 175 గేట్లు. వరదకు అన్నీ ఎత్తేస్తే నదికి అడ్డం తీసేసినట్టే. దాళ్వాకు నీళ్లు దాచాలంటే ఎగువన పెద్ద రిజర్వాయరు ఉండాలి. సీలేరు నుంచి వదిలే నీళ్ల కోసం మనం ఎదురుచూసేది అందుకే.

వరద రాత్రుల్లో గంటగంటకూ టార్చి వేసి గేజీ (నీటిమట్టం కొలిచే స్కేలు) చూసేవాళ్లం. నీళ్లు స్థిరంగా ఉండవు, పైకీ కిందికీ ఊగుతుంటాయి. కొత్తలో నేను ఏదో ఒక అంకె రాసేస్తుంటే గేట్ల దగ్గర పనిచేసే ఓ ముసలి లస్కరు ఆపాడు. ‘అల లేచినప్పుడొకటి, దిగినప్పుడొకటి చూసి మధ్యది రాయండి బాబూ’ అన్నాడు. చదువుకున్నది నేను, నేర్పింది ఆయన!

ఆ అంకె కోసం నది మధ్య లంకల నుంచి తెల్లవార్లూ ఫోన్లే. ‘ఎన్ని అడుగులండీ?’ అంతకు మించి ఒక్క మాట ఉండేది కాదు. చెప్పగానే పెట్టేసేవాళ్లు, గొడ్లను గట్టెక్కించుకోవాలి కదా.